గంట మోగితే పని ఆపే ప్రార్థన: త్రికాల జపం

(మంగళవార్త పండుగకు ముందు విచారణ, అంటే మన గుడి పరిధిలోని, కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

స్వామివారికి, సిస్టరమ్మలకు, ఉపదేశి గారికి, పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నా వందనాలు.

మార్చి 25న మంగళవార్త పండుగ, యేసుకు తల్లివి కాబోతున్నావని గబ్రియేలు దూత మరియమ్మకు చెప్పిన సంగతిని గుర్తుచేసుకునే రోజు. పండుగ గురించి స్వామివారు ఎలాగూ పూజలో చెబుతారు. ఆ పండుగనే రోజుకు మూడుసార్లు చేసుకునే పద్ధతి ఒకటి మన శ్రీసభలో, అంటే కతోలిక సంఘంలో, ఉంది. అదే త్రికాల జపం. పొద్దున 6 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 6 గంటలకు చెప్పుకునే ప్రార్థన. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ఈ పేరు వినగానే ముందు వరసల్లో ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలు గుర్తుపట్టారు, వాళ్ల ముఖాల్లోనే తెలుస్తోంది. వెనక కూర్చున్న పిల్లలకు జపమాల బాగా వచ్చు. సత్యోపదేశం తరగతిలో గడగడా చెబుతారు. త్రికాల జపం అడిగితే మాత్రం మొదటి వాక్యం తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇంట్లో వినబడని ప్రార్థన పిల్లల నోటికి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ముందు ఆ ప్రార్థనలో ఏముందో చూద్దాం.

అందులో మూడు చిన్న వాక్యాలు ఉన్నాయి. దేవదూత మరియమ్మకు శుభవార్త తెలిపాడు, ఆమె పవిత్రాత్మ వలన గర్భం ధరించింది. ఇది మొదటిది. రెండోది మరియమ్మ ఇచ్చిన జవాబు: "ఇదిగో! నేను ప్రభువు దాసురాలను. నీ మాట చొప్పున నాకు జరుగును గాక!" మూడోది యోహాను సువార్త మొదటి అధ్యాయంలోనిది: "ఆ వాక్కు మానవుడై మన మధ్య నివసించెను." ఒక్కో వాక్యం తర్వాత ఒక మంగళవార్త జపం, అంటే మరియమ్మకు వందనం చెప్పే చిన్న ప్రార్థన. చివర ఒక ప్రార్థనతో ముగుస్తుంది. నిదానంగా చెప్పినా రెండు నిమిషాలు పట్టదు. మూడో వాక్యం దగ్గర మోకాలు వంచడమో, తల వంచడమో పాతకాలం నుంచీ వస్తున్న అలవాటు.

ఈ మూడింటిలో రెండో వాక్యం దగ్గర నాకు ఎప్పుడూ మనసు ఆగుతుంది. మొదటి వాక్యంలో దేవుడు పంపిన కబురు ఉంది. మూడో వాక్యంలో ఆ పని జరిగిపోయింది. మధ్యలో ఒక పల్లెటూరి అమ్మాయి నోరు విప్పి "సరే" అనాలి. 12వ శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి పునీత బెర్నార్డు గారు ఈ ఘట్టం మీద ప్రసంగిస్తూ, ఆదాము మొదలుకొని లోకమంతా మరియమ్మ జవాబు కోసం ఎదురుచూస్తోందని చెప్పి, "తల్లీ, త్వరగా జవాబు చెప్పు" అని ఆమెనే బతిమాలుకుంటారు. లోకాన్ని సృష్టించినవాడు ఒక ఆడపిల్ల ఒప్పుకోలు కోసం ఆగాడు. బలవంతం లేదు, బెదిరింపు లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు దూత ఓపికగా సమాధానం కూడా చెప్పాడు. రోజుకు మూడుసార్లు మనం ఆ ఒప్పుకోలును మన నోటితో పలుకుతున్నాం. ఆ మాట పలికాక చేతిలో ఉన్న పని మీద, ఎదురుగా ఉన్న మనిషి మీద మన ధోరణి కొంచెమైనా మారాలి కదా!

ఆ అమ్మాయి ఊరు నజరేతు. పాత నిబంధన గ్రంథంలో ఆ ఊరి పేరే లేదు. "నజరేతు నుండి మంచిదేదైనా రాగలదా?" అని యేసు శిష్యుడైన నతనయేలు అడిగింది అందుకేనేమో. ఇవాళ అక్కడ మంగళవార్త మహా దేవాలయం ఉంది. ఇప్పటి కట్టడాన్ని 1969లో ప్రతిష్ఠించారు. గుడి కింది అంతస్తులో పాత గుహ ఉంది, మరియమ్మ ఇల్లు అదేనని భక్తులు గౌరవించే చోటు. ఆ గుహలోని పీఠం మీద లాటిన్‌లో చెక్కిన వాక్యానికి అర్థం: "వాక్కు ఇక్కడ మానవుడాయెను." మన జపంలోని మూడో వాక్యమే, ఒక్క మాట ఎక్కువ. పవిత్ర భూమి యాత్రకు వెళ్లాలని మనలో చాలామందికి ఉంటుంది. వెళ్లగలిగితే మంచిదే. వెళ్లలేనివాళ్లు గంట మోగినప్పుడు మనసులో ఆ గుహ ముందు నిలబడవచ్చు.

ఇప్పుడు ఈ జపం ఎలా వచ్చిందో చెబుతాను. ఇది నాకు చాలా ఇష్టమైన కథ, కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాను.

ఒకరోజు ఒక పోపుగారు కూర్చుని రాసిచ్చిన ప్రార్థన కాదు ఇది. మూడు పూటలూ ఒకేసారి కూడా రాలేదు. ముందు వచ్చింది సాయంత్రం గంట. మధ్యయుగాల్లో ఐరోపాలో మఠాల్లోని సన్యాసులు రాత్రి ప్రార్థన చేసేటప్పుడు గంట కొట్టేవాళ్లు. సన్యాసులకు కీర్తనలు చదవడం వచ్చు. చుట్టుపక్కల పొలాల్లో ఉన్న రైతులకు, కూలీలకు చదువు రాదు. ప్రార్థన చేయాలన్న కోరిక మాత్రం ఉంది. అందుకని గంట వినబడగానే వాళ్లు తమకు వచ్చిన మంగళవార్త జపాన్ని మూడుసార్లు చెప్పుకునేవాళ్లు. ఈ అలవాటును ఎక్కువగా ప్రచారం చేసినవాళ్లు ఫ్రాన్సిస్ సభ గురువులు. 1269లో పునీత బొనవెంతూర గారు ఆ సభకు పెద్దగా ఉన్నప్పుడు, సాయంత్రం గంటకు మూడు మంగళవార్త జపాలు చెప్పమని ప్రజలకు నేర్పాలని తీర్మానించినట్టు ఆ సభ సంప్రదాయం చెబుతుంది. గబ్రియేలు దూత మరియమ్మ దగ్గరకు సాయంకాలం వచ్చాడని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. ఆ సమయానికి ఈ జపం చక్కగా సరిపోయింది.

1318లో 22వ జాన్ పోపుగారు ఫ్రాన్స్‌లోని సాంత్ అనే పట్టణంలో జరుగుతున్న ఈ సాయంత్రపు ప్రార్థనను మెచ్చుకుని, దానికి దండవిమోచన ఫలం, అంటే పాపాలకు పడాల్సిన శిక్ష తగ్గించే వరం, ప్రకటించారు. గమనించండి, జనం అప్పటికే చేస్తున్నారు, పోపుగారు చూసి ఆశీర్వదించారు. ఈ జపం చరిత్ర పొడుగునా ఇదే వరస కనబడుతుంది. పొలంలో మొదలైంది, తర్వాత రోమాపురి చేరింది.

ఇంకో సంగతి. ఆ రైతులు చెప్పుకున్న మంగళవార్త జపం మన జపంలో మొదటి సగమే. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అన్న గబ్రియేలు మాటలు, మరియమ్మ బంధువు ఎలిజబెతమ్మ పలికిన ఆశీర్వాదం, అంతే. "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా" అని మనం చెప్పే రెండో సగం తర్వాతి కాలంలో మెల్లగా చేరింది. 1568లో 5వ పయస్ పోపుగారు వెలువరించిన గురువుల ప్రార్థన గ్రంథంతో అది ఇప్పటి రూపంలో స్థిరపడింది. అంటే తొలినాళ్ల త్రికాల జపంలో కోరికలే లేవు. మాకు ఇది కావాలి, అది కావాలి అని ఒక్క మాట లేదు. దేవుడు ఏం చేశాడో గుర్తుచేసుకుని ఆ తల్లికి వందనం చెప్పడం, అంతటితో సరి. ఇది తెలిశాక మొదటి సగం పలికేటప్పుడు నేను తొందరపడటం మానేశాను.

సాయంత్రం గంట తర్వాత పొద్దున గంట వచ్చింది. ఇటలీలోని పార్మా నగరంలో 14వ శతాబ్దం మొదట్లో పొద్దునపూట ఒక గంట కొట్టేవాళ్లు. దానికి శాంతి గంట అని పేరు. ఊళ్లో ముఠాలుగా విడిపోయి కొట్టుకుంటున్న రోజులవి. లేవగానే శాంతి కోసం ప్రార్థించమని ఆ గంట పిలుపు.

చివరగా వచ్చింది మధ్యాహ్నం గంట. మొదట కొన్ని చోట్ల శుక్రవారం మాత్రమే మోగేది, ప్రభువు సిలువ పాటుల జ్ఞాపకంగా. అది రోజువారీ గంటగా మారడం వెనక 1456లో బెల్‌గ్రేడ్ కోట ముట్టడి కథ ఉంది. కాన్‌స్టాంటినోపుల్ పడిపోయి అప్పటికి మూడేళ్లు. ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మద్ పెద్ద సైన్యంతో బెల్‌గ్రేడ్ మీదకు వస్తున్నాడు. 3వ కలిస్తస్ పోపుగారు ఆ ఏడు జూన్ 29న ఆజ్ఞ ఇచ్చారు: మధ్యాహ్నం దాటాక అన్ని గుళ్లలో గంటలు కొట్టండి, ప్రజలు పరలోక జపం (ప్రభువు నేర్పిన ప్రార్థన), మంగళవార్త జపం చెప్పి రక్షణ కోసం వేడుకోండి అని. హంగరీ వీరుడు హున్యాదీ యానోష్ సేనాపతిగా, ఫ్రాన్సిస్ సభ గురువు పునీత కపిస్ట్రానో యోహాను గారు జనాన్ని కూడగట్టగా జూలై 22న కోట నిలబడింది. విజయ వార్త అందాక చాలాచోట్ల ఆ గంట కృతజ్ఞతా గంటగా మారింది. హంగరీలో ఇప్పటికీ మధ్యాహ్నం గంటను ఆ విజయానికి గుర్తుగానే చెప్పుకుంటారు.

తేదీలు మాత్రం మనం మర్చిపోకూడదు. గంటలు కొట్టమన్న ఆజ్ఞ జూన్ 29 నాటిది, యుద్ధం ముగిసింది జూలై 22న. అంటే ఆ గంట భయంలో పుట్టింది. ఏమవుతుందో తెలియని జనం, పిల్లాపాపల్ని పెట్టుకుని ప్రార్థించిన సమయం అది. అందుకే మధ్యాహ్నం గంటను ఇంకొకరి మీద గెలుపు చాటింపుగా ఎవరైనా వాడుకుంటే నాకు బాధగా ఉంటుంది. ముస్లిం సోదరులతో పక్కపక్క ఇళ్లలో బతుకుతున్న మనం ఆ గంటను శాంతి గంటగానే మోగించాలి. పార్మా వాళ్లు పొద్దున గంటకు పెట్టుకున్న పేరు మధ్యాహ్నం గంటకూ తగినదే.

గంట కొట్టే తీరు కూడా తెలుసుకోండి. మూడు దెబ్బలు, ఆగాలి. మళ్లీ మూడు, ఆగాలి. ఇంకో మూడు, ఆగాలి. ఆ తర్వాత తొమ్మిది. ఆగే సమయం ఎంతంటే ఒక వాక్యం, ఒక మంగళవార్త జపం పట్టేంత. పొలంలో దూరంగా ఉన్నవాడికి పుస్తకం అక్కర్లేదు, ప్రార్థనలో ఎంతవరకు వచ్చామో గంటే చెబుతుంది. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఇలాంటి గంటలకు గబ్రియేలు పేరు పెట్టేవాళ్లు. "పరలోకం నుంచి పంపబడిన గబ్రియేలు పేరు నాకుంది" అని లాటిన్‌లో వాటి మీద పోతపోసి ఉంటుంది. గంటే దూత అన్నమాట.

ఐర్లండ్‌లో 1950 ఆగస్టు 15 నుంచి ప్రభుత్వ రేడియోలో ఈ గంట వినిపిస్తున్నారు. 18 దెబ్బలు, మన లెక్కే. తర్వాత టీవీలోనూ సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టారు. రోమ్‌లో పోపుగారు ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గరకు వచ్చి జనంతో కలిసి చెప్పేదీ ఈ జపమే. 1954లో 12వ పయస్ పోపుగారి కాలంలో ఆ ఆచారం మొదలైంది. ఫ్రాన్సిస్ పోపుగారు జపం, ఆశీర్వాదం అయిపోయాక "నా కోసం ప్రార్థించడం మరవకండి, భోజనం బాగా చేయండి" అని అందరినీ పంపించేవారు. పోపుగారు భోజనం సంగతి ఎందుకు ఎత్తుతారని ఒక అబ్బాయి నన్ను అడిగాడు. పన్నెండింటికి ప్రార్థన చేసి ఇంటికెళ్లేవాళ్లతో మన ఇంటి పెద్ద ఏమంటాడు నాయనా, అదే అన్నారు అని చెప్పాను.

ఫ్రాన్స్ చిత్రకారుడు మిలే వేసిన బొమ్మ ఒకటి మీలో కొందరు క్యాలెండర్ల మీద చూసి ఉంటారు. సాయంత్రం వేళ, బంగాళాదుంపల చేను. ఒక మగమనిషి టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఎదురుగా ఒక ఆడమనిషి చేతులు జోడించి తల వంచింది. కాళ్ల దగ్గర బుట్ట, పక్కన తోపుడు బండి, నేలలో గుచ్చిన పళ్ల పార. దూరంగా గుడి గోపురం. ఆ చిత్రం పేరే త్రికాల జపం. 1857కూ 1859కూ మధ్య వేశాడు, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. మిలే రైతు బిడ్డ. చిన్నప్పుడు పొలంలో పనిచేస్తుంటే, గుడి గంట వినగానే నాయనమ్మ అందరి చేతా పని ఆపించి, చనిపోయినవాళ్ల కోసం ఈ జపం చెప్పించేదని, ఆ జ్ఞాపకంతోనే బొమ్మ వేశానని తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు.

ఆ బొమ్మలో నన్ను పట్టుకునేది వాళ్ల చుట్టూ ఉన్న సామాను. ఏదీ సర్దలేదు. పని పూర్తికాలేదు. చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని ప్రార్థనకు రాలేదు వాళ్లు. మట్టి చేతులతోనే నిలబడ్డారు. మనం చాలాసార్లు పని అంతా అయ్యాక తీరిగ్గా ప్రార్థన చేసుకుందాం అనుకుంటాం. తీరిక రాదు. మిర్చి కోతల రోజుల్లో వస్తుందా? పరీక్షల ముందు టెన్షన్‌లో ఉన్న పిల్లలకు వస్తుందా? ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీ చేసే మన ఆడపిల్లలకు వస్తుందా? ఈ జపం తీరిక ఉన్నవాళ్ల కోసం పుట్టలేదు. పని మధ్యలో చెప్పుకోవడానికే పుట్టింది. అందుకే ఇంత చిన్నది.

ఇక కొంతమంది మనసులో ఉన్న ప్రశ్న. మనలో చాలా ఇళ్లలో బంధువులు వేరే సంఘాలకు వెళ్తారు. పండుగకు కలిసినప్పుడు "మీరు మరియమ్మను పూజిస్తారు, ప్రభువును పక్కన పెడతారు" అంటారు. పోట్లాడకండి. త్రికాల జపం తీసి చూపించండి. మూడు వాక్యాలూ బైబిలు నుంచి వచ్చినవే. ప్రార్థన నడిచేది వాక్కు మానవుడైన సంగతి వైపు. చివరి ప్రార్థన ఇంకా స్పష్టంగా ఉంటుంది: దూత చెప్పిన వార్త ద్వారా క్రీస్తు మనుష్యావతారాన్ని తెలుసుకున్న మేము, ఆయన పాటుల ద్వారా, సిలువ ద్వారా పునరుత్థాన మహిమకు చేరేలా మా హృదయాల్లో నీ కృపను కుమ్మరించు అని తండ్రిని వేడుకుంటాం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం నాలుగో ఆదివారం పూజలో గురువు చెప్పే ప్రారంభ ప్రార్థన కూడా ఇదే. ఇందులో మరియమ్మ ఎక్కడ నిలబడింది? తన కుమారుని పక్కన. ఆమెను అక్కడ నుంచి తీసి వేరే చోట పెట్టిన ప్రార్థన ఎవరైనా నేర్పితే, ముందు నేనే వద్దంటాను.

పాస్కా కాలంలో, అంటే ఈస్టరు రోజుల్లో, మాత్రం దీని బదులు పరలోక రాణీ, సంతోషించండి, అల్లెలూయ అనే గీతం చెబుతాం. 1742లో 14వ బెనెడిక్ట్ పోపుగారు అలా నిర్ణయించారు. ఈస్టరు దగ్గర పడుతోంది కాబట్టి గుర్తుచేస్తున్నాను. ఆ రోజుల్లో నిలబడే చెప్పాలి.

ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత చాలా ప్రార్థనలు మారాయి. ఇది కూడా మార్చాలా అన్న ఆలోచన వచ్చింది. 1974లో 6వ పౌలు పోపుగారు మరియమాత భక్తి మీద రాసిన ఉపదేశ పత్రంలో దీనికి సంస్కరణ అవసరం లేదని తేల్చి చెప్పారు. కారణాలూ చెప్పారు: నిర్మాణం సరళం, ఆధారం బైబిలు, శాంతి కోసం చేసిన ప్రార్థనతో ముడిపడిన పుట్టుక, రోజులోని వేరువేరు వేళలను పవిత్రం చేసే లయ. అప్పటికి పల్లెల్లో కూడా జీవన విధానం మారిపోయిందని ఆయనకు తెలుసు. అయినా జపం విలువ తగ్గలేదన్నారు.

మారిన జీవన విధానం సంగతి మనకూ తెలిసిందే. పొద్దున 6కి కొందరు హైదరాబాదులో నైట్ షిఫ్టు నుంచి తిరిగి వస్తుంటారు. మన పిల్లలు కువైట్‌లో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. వాళ్లకు గుడి గంట వినబడదు. ఫోన్‌లో అలారం పెట్టుకోమని చెప్పండి, తప్పేం లేదు. మూడు పూటలూ కుదరకపోతే మధ్యాహ్నం ఒక్కటి పట్టుకోండి. ఆఫీసులో లేచి నిలబడలేకపోతే కూర్చునే, మనసులోనే చెప్పుకోవచ్చు. పుస్తకం లేకపోతే ఆ మూడు వాక్యాలు, మూడు మంగళవార్త జపాలు చాలు. ఇంట్లో ఉన్న అమ్మమ్మలకు, నాయనమ్మలకు మాత్రం ఒక పెద్ద పని అప్పగిస్తున్నాను. మిలే నాయనమ్మ చేసిన పనే. సాయంత్రం 6కి టీవీ సౌండ్ తగ్గించి, మనవళ్లను పక్కన నిలబెట్టుకుని పైకి చెప్పండి. వాళ్లు కలిసి చెప్పకపోయినా సరే, వింటారు. విన్నది ఎక్కడికీ పోదు.

చివరగా మన గుడి సంగతి. కొంతకాలంగా మన గంట పూజకు, చావుకు మాత్రమే మోగుతోంది. స్వామివారితో మాట్లాడాను. మంగళవార్త పండుగ నుంచి మూడు పూటలా కొట్టడానికి ఒప్పుకున్నారు. మైకులో రికార్డింగ్ వేద్దామని కొందరన్నారు. నేను వద్దన్నాను. తాడు పట్టుకుని కొట్టేవాడు మొదట తాను జపం చెప్పాలి, లేకపోతే ఎంతసేపు ఆగాలో వాడికి తెలియదు. కాబట్టి యువతీయువకులు వారానికి ఇద్దరు చొప్పున ముందుకు రండి. ఆడపిల్లలు కూడా. పొద్దునపూట లేవలేమనేవాళ్లు మధ్యాహ్నం, సాయంత్రం తీసుకోండి, పొద్దున గంట నేను కొడతాను. ఉపదేశి గారు నోటుబుక్కు పట్టుకుని తలుపు దగ్గర ఉంటారు, వెళ్లేటప్పుడు పేర్లు రాయించండి. మూడు, మూడు, మూడు, తొమ్మిది ఎలా కొట్టాలో ఇప్పుడే ఒకసారి చూపిస్తాను, రాయించినవాళ్లు నాతో గంట దగ్గరకు రండి.